గరుకు గోడ గిట్టుబాటు

గొట్టం లోపల గరుకు ఉంటే నష్టమేనని ఇంజనీర్లు చాలాకాలం లెక్కగట్టారు. కారణం లేకపోలేదు. జర్మనీలోని గోటింగెన్‌లో నికురాడ్సే జల్లించిన ఇసుకను గొట్టాల లోపలి గోడకు అంటించి, నీళ్లు పారించి, ఎంత గరుకుకు ఎంత ఒత్తిడి తగ్గుతుందో కొలిచి 1933లో ప్రచురించాడు. ఆయన చూసింది ఘర్షణనే. వేడి సంగతి ఆ ప్రయోగంలో లేదు. దాన్నీ కలిపి చూస్తే తీర్పు మారిపోతుంది.

వేడి గోడను ఆనుకున్న గాలి దాదాపు కదలని పలచని పొరగా ఉండిపోతుంది. గాలి వేడిని సరిగా అందించదు కాబట్టి అడ్డంకంతా ఆ పొరలోనే. గోడకు అడ్డంగా సన్నని గట్టు పెడితే ప్రవాహం దాన్ని దాటి ఎగిరి, వెనక సుడి తిరిగి, గట్టు ఎత్తుకు సుమారు ఆరేడు రెట్ల దూరంలో మళ్లీ గోడను తాకుతుంది. అక్కడ పొర చెదురుతుంది, వేడి జోరుగా గాలిలో కలుస్తుంది. అందుకే గట్ల మధ్య ఎడం సాధారణంగా ఎత్తుకు పదింతలు ఉంచుతారు. మరీ దగ్గరగా పేరిస్తే ప్రవాహం వాటి తలల మీదుగానే జారిపోతుంది. ఘర్షణ మిగులుతుంది, ఫలం దక్కదు.

ఘర్షణ పెరిగాక లాభమేముంది, ఫ్యానే పెద్దది పెడితే పోలేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నునుపు గొట్టంలో వేడి మార్పిడి వేగానికి 0.8 ఘాతంలో పెరిగితే, ఫ్యాను శక్తి 2.8 ఘాతంలో పెరుగుతుంది. వేగంతోనే మార్పిడిని రెట్టింపు చేయాలంటే శక్తి దాదాపు 11 రెట్లు కావాలి. గట్లతో ఆ రెట్టింపు వచ్చి ఘర్షణ నాలుగింతలైతే, అదే ప్రవాహానికి శక్తి నాలుగు రెట్లతో సరిపోతుంది.

బ్రిటన్ అడ్వాన్స్‌డ్ గ్యాస్ కూల్డ్ అణు రియాక్టర్లలో ఇంధనపు కడ్డీల స్టీలు తొడుగు మీద ఇలాంటి గట్లే ఉంటాయి. చల్లబరిచేది కార్బన్ డయాక్సైడ్, వేడిని అంత తేలిగ్గా అందుకోదు. వాటిలో ఒకటైన హింక్లీ పాయింట్ బి 1976లో మొదలై 2022లో ఆగింది. జెట్ ఇంజన్‌లో పట్టు ఇంకా బిగుతు. టర్బైన్ బ్లేడును తాకే వాయువు 1500 డిగ్రీలు దాటుతుంది, ఆ లోహం అంతకంటే తక్కువకే కరుగుతుంది. బ్లేడు లోపలి సన్నని దారుల్లో పారే చల్లగాలి కంప్రెసర్ నుంచి మళ్లించినదే, ఎంత మళ్లిస్తే ఇంజన్‌కు అంత లోటు. కాబట్టి ఆ దారుల గోడలకు గట్లను పోతలోనే ఏటవాలుగా దింపుతారు. మన దేశంలో 1983లోనే ప్రసాద్, ముల్లిక్ అనే పరిశోధకులు ధాన్యం వగైరా ఎండబెట్టే సౌర గాలి హీటరు రేకు అడుగున తీగలు అమర్చి ఫలితం చూపారు. ఖర్చు తీగలదే.

అలాగని ప్రతి గరుకునూ మెచ్చుకోనక్కర్లేదు. వేడి మార్పిడి మూడింతలైందని చాటే చోట ఘర్షణ యాభై రెట్లు పెరిగి ఉంటే, అంతే ఫ్యాను శక్తికి నునుపు గోడే కాస్త మెరుగు. ఘర్షణ అంకెను పక్కన పెట్టి వేడి అంకె ఒక్కటే చూపే హీటరును కొనకండి.