భాషా పరామితి వర్ణనలో వైరుధ్యం: కోయ భాష నిదర్శనం

ఒక సాఫ్ట్‌వేర్ మరొక సాఫ్ట్‌వేర్‌ను వెబ్ ఏపీఐ ద్వారా సమాచారం కోరేటప్పుడు పంపే ఒక్కొక్క విలువకు ఒక పేరుంటుంది. దానినే పరామితి అంటారు. అక్కడ ఏ రూపంలోని విలువ చెల్లుతుందో డాక్యుమెంటేషన్ చెప్పాలి. ఒకే పరామితిని రెండు పుటలు రెండు విధాలుగా వర్ణిస్తే ఏమవుతుందో కోయ భాష స్పష్టంగా చూపుతుంది.

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దున వ్యవహారంలో ఉన్న కోయ, గోండీకి సన్నిహితమైన ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కల్లో దీనిని మాతృభాషగా పేర్కొన్నవారు నాలుగు లక్షలకు పైబడి ఉన్నారు. తెలుగుకు ఐఎస్ఓ 639-1లో ‘టీఈ’ అనే రెండక్షరాల రోమన్ సంకేతమూ, 639-3లో ‘టీఈఎల్’ అనే మూడక్షరాల సంకేతమూ ఉన్నాయి. కోయకు ఉన్నది 639-3లోని ‘కేఎఫ్ఎఫ్’ మాత్రమే. రెండక్షరాల సంకేతం ఉన్న భాషకు దానినే, లేని భాషకు మూడక్షరాలదానిని వాడాలన్నది 2009 నాటి ఆర్ఎఫ్‌సి 5646 నియమం.

ఒక ఏపీఐ పరిచయ పుటలో ‘రెండక్షరాల భాషా సంకేతం’ అనీ, పరామితుల పట్టికలో ‘ఆర్ఎఫ్‌సి 5646 ట్యాగ్’ అనీ ఉన్నదనుకుందాం. తెలుగు పాఠంతో పరీక్షించినవారికి ఈ వైరుధ్యం కనబడదు. ‘టీఈ’ రెండింటికీ సరిపోతుంది. కోయ పాఠం వచ్చినప్పుడే చిక్కు. మొదటి పుటను నమ్మినవారు, ఆ పాఠం తెలుగు లిపిలో ఉన్నది గనుక, ‘టీఈ’ అనే నమోదు చేస్తారు. దోషసందేశమేదీ రాదు. కోయను గోండీ మాండలికంగా పరిగణించిన భాషావేత్తలున్నారు గాని, అది తెలుగు మాండలికం కాదు. అయినా పాఠనిధిలో అది తెలుగుగానే నిలిచిపోతుంది. కోయ కోసం వెతికే పరిశోధకునికి దొరకదు. భాషను, లిపిని వేరువేరుగా చూపే ‘కేఎఫ్ఎఫ్-టీఈఎల్‌యూ’ ట్యాగ్‌కు ఆర్ఎఫ్‌సి 5646లో చోటున్నది. ఆ ఒక్క ఉదాహరణను రెండు పుటల్లోనూ చేర్చితే వైరుధ్యం అక్కడే బయటపడుతుంది.