వార్తల్లో పదం: బీసీ-సి

దళిత క్రైస్తవుల హోదాపై తీర్పు వచ్చినా, తీర్మానం జరిగినా ‘బీసీ-సి’ అన్న మాట పత్రికలకెక్కుతుంది. ఎస్సీ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారిని, వారి సంతానాన్ని ఆంధ్రప్రదేశ్‌లో చేర్చిన వెనుకబడిన తరగతుల ఉపవర్గం ఇది. రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలకు 15 శాతం.

ఈ తేడాకు మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. మొదట హిందువులకే పరిమితమైన ఎస్సీ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులు, ముస్లింలు అందులో లేరు.

నూజివీడు మామిడి తోటల ఊళ్లలో దీని ప్రభావం రెండుచోట్ల తెలుస్తుంది. పదో తరగతి పాసై ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు చేసే విద్యార్థి ఏ కోటాలో పోటీ పడాలో కుల ధ్రువీకరణ పత్రం తేలుస్తుంది. ఎన్నికల్లో, బీసీ-సి అభ్యర్థి జనరల్ స్థానమైన నూజివీడులో నిలబడొచ్చు. పొరుగునే ఉన్న ఎస్సీ రిజర్వుడు తిరువూరు, చింతలపూడిలో కుదరదు.

మతం మారినా అంటరానితనం పోలేదంటూ కథోలిక సంఘాలు ఏటా ఆగస్టు 10న నిరసన దినం పాటిస్తాయి. హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. కులవివక్ష లేని మతంలో చేరినవారికి ఎస్సీ హోదా వర్తించదని, ఇస్తే ఇప్పటి ఎస్సీల వాటా తగ్గుతుందని వ్యతిరేకుల వాదన. అధ్యయనానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఉత్తర్వును సవరించే అధికారం పార్లమెంటుదే.