తవుడు పశువునకు, తెల్లబియ్యము మనకు

మన గ్రామములలో గృహస్థుడు తవుడును పశువుల తొట్టిలో పోయును. తెల్లగా మరపట్టించిన బియ్యమును తాను భుజించును. దేహబలమును గూర్చిన చర్చను ఆ తొట్టికడనుండియే ఆరంభింపవలెనని మా అభిప్రాయము.

హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంతనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై కూనూరునందు ఒక్క గదిలో నెలకొల్పిన శాల యిది. 1958లో ఇచ్చటికి తరలివచ్చి, 1969లో నేటి నామమును వహించెను. మెక్కారిసన్ ఎలుకలను వేర్వేరు గుంపులు చేసి, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క ప్రాంతపువారి భోజనమును పెట్టి చూచెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు గల సిక్కుల భోజనము తిన్నవి ఏపుగా పెరిగెను. బియ్యమే ప్రధానమైన మద్రాసు భోజనము తిన్నవి అన్నింటికంటె వెనుకబడెను. ఎలుకల తెగ యొక్కటే, భేదమెల్ల ఆహారములోనిదే. కొన్ని జాతులు యుద్ధమునకు పుట్టినవనియు, తక్కినవి దుర్బలములనియు నాటి ఆంగ్ల ప్రభువులు చేసిన విభజనకు ఇంతకంటె సమాధానమేల?

అయినను ఆహార మొక్కటియే చాలదు. ఎలుగుబంటి శీతకాలమున నెలల తరబడి గుహలో పడియుండియు, కండను అంతగా కోల్పోదు. మానవుడు కొలది వారములు మంచము పట్టినచో కాళ్లలోని సత్తువ కరగిపోవును. చింపాంజీ కండరము మన కండరముకంటె సుమారు 1.35 రెట్లు శక్తిగలదని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దానికి వేగముగా ముడుచుకొను తంతువు లెక్కువ. మనకు మెల్లగా పనిచేసి త్వరగా అలయని తంతువు లెక్కువ. దూరము నడచుటకును, దినమంతయు పాటుపడుటకును తగిన దేహము మనది. పాటు మానినచో ఆ గుణమే మనకు దూరమగును. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు ఎదపై ఏనుగును నిలుపుకొనగలిగినది ఏండ్లతరబడి చేసిన సాధనచేతనే గదా!

2022లో మన దేశపు వయోజనులలో దాదాపు సగముమంది చాలినంత శరీరశ్రమ చేయలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు లెక్క తేల్చిరి. వేకువను విశ్వవిద్యాలయపు బాటలలో నడచుటకు అనేకులు వత్తురు. సంతోషమే. కాని ఆ వేళకే తార్నాక కూడలిలో ఇటుకలు మోయ బయలుదేరు కూలివానికి నడక నేర్పనక్కరలేదు. వానికి కావలసినది పప్పు, పాలు, ఆకుకూర. ఒకరికి తిండి యుండి పాటు లేదు. మరియొకరికి పాటుండి తిండి చాలదు. రెండు తెరగులను బలము క్షీణించుచునే యున్నది.

ఎద్దునకు దాణా కొలిచి పెట్టుట ఎరిగిన గృహస్థులను మేము కోరునది స్వల్పము. మీ యింట దంపుడుబియ్యమును మరల వండించుడు. మీ పనులు కొన్ని మీరే చేసికొనుడు. మీ చేనిలో పనిచేయువాని కూలి కట్టునపుడు వాని కుటుంబమునకు నిండుభోజనమున కగు వెలను లెక్కింపుడు. పశువు విషయమున మనము చూపు వివేకము మనుష్యుని విషయమున చూపకుండుట న్యాయము కాదు.