ఆగస్టా నుంచి వచ్చిన ఉత్తరాలు

మన పెద్దల ఉత్తరాలలో మొదటి మాట 'ఉభయకుశలోపరి'. నాలుగు దినాలలో చేరే ఉత్తరానికి ఆ మాట చెల్లుతుంది. మాసాల తరబడి ఓడలో తేలివచ్చే ఉత్తరానికి ఎట్లా చెల్లుతుంది? వ్రాసిననాడు క్షేమంగా ఉన్నవారు చదివేనాటికి ఉన్నారో లేరో! పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు విడిచి ఆస్ట్రేలియాలో కాపురం పెట్టిన స్త్రీలు స్వదేశానికి వ్రాసిన ఉత్తరాలు ఈ శంకను తోడు తీసుకొనే బయలుదేరాయి. వాటిలో జార్జియానా మొలాయ్ ఉత్తరాలు విద్యార్థులు తప్పక ఎరుగదగినవి.

1805లో ఇంగ్లండు ఉత్తరభాగాన కంబర్లండు సీమలో పుట్టిన ఆమె, 1829లో కాప్టెన్ జాన్ మొలాయ్‌ని వివాహమాడింది. ఆయన వాటర్లూ యుద్ధంలో పోరాడినవాడు. వయసులో ఆమెకంటె చాల పెద్ద. పెండ్లియైన కొద్దికాలానికే దంపతులు ఓడ ఎక్కి, 1830 మే మాసంలో పశ్చిమ ఆస్ట్రేలియా నైరుతి కొసన, బ్లాక్‌వుడ్ నది సముద్రంలో కలిసే చోట దిగారు. అక్కడ వెలసిన వలస గ్రామమే ఆగస్టా. ఇల్లు లేవకముందే, ఆ మాసంలోనే, డేరాలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. కొద్ది దినాలకే కన్నుమూసింది.

స్కాట్లండులో ఆమెకు హెలెన్ స్టోరీ అనే ప్రియసఖి ఉండేది. ఆ సఖికీ బిడ్డ పోయిందన్న వార్త తెలిసి, 1833లో జార్జియానా ఆమెకు ఉత్తరం వ్రాసింది. పరామర్శ లేఖలలో సాధారణంగా ఓదార్పుకంటె ఉపదేశమే మిక్కుటం. ఈమె ఉపదేశించలేదు. భర్త తప్ప దగ్గర మరెవ్వరూ లేని చోట తన బిడ్డ తన చేతులలోనే ప్రాణం విడవడం తలచుకొని, ఆ బాధకు మాటలు చాలవని వ్రాసింది. సమాధిపై స్వదేశపు పచ్చిక పెంచినా, ఆ అడవిలో అది ఏకాకిగానే కనిపిస్తున్నదని వాపోయింది. తన శోకాన్ని చెప్పుకోవడమే ఎదుటివారికి ఓదార్పు కాగలదని ఆమె ఎరుగును.

1836 డిసెంబరులో ఆమెకు ఇంగ్లండు నుంచి ఒక పెట్టె వచ్చింది. పంపినవాడు జేమ్స్ మాంగిల్స్ అనే నౌకాదళపు కాప్టెన్. ఆమె ఎన్నడూ చూడని మనిషి. పెట్టెలో స్వదేశపు విత్తనాలున్నాయి. వాటికి బదులుగా ఆ అడవి మొక్కల గింజలు పంపమని ఆయన కోరిక. ఇంటిచాకిరీతో తీరికలేని ఆ ఇల్లాలు పూనుకొని గింజలు ఏరసాగింది. ఇంతలో 1837 నవంబరులో, రెండేండ్లైనా నిండని కుమారుడు నూతిలో పడి మరణించాడు. మరుసటి జనవరిలో ఆమె మాంగిల్స్‌కు ఆ సంగతి కూడ వ్రాసింది. ముఖమైనా ఎరుగని పురుషునితో తల్లి అంత దుఃఖం చెప్పుకోవడం వింతగా తోచవచ్చు. కాని ప్రపంచంలో ఆమె పనికి విలువనిచ్చి, ఆమె ఉత్తరం కోసం కాచుకొని ఉన్న కొద్దిమందిలో అతడొకడు! అతడు ఆ లేఖలకు తన పుస్తకాలలో నకళ్లు తీయించి ఉంచబట్టే అవి మనకు దక్కాయి. ఇప్పుడవి పెర్త్ నగరంలోని రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి.

ఈ ఉత్తరాలు చదివేవారు మరొకటి మరువరాదు. ఆమె అడవి అని వ్రాసినది నూంగార్ ప్రజలకు అనాదిగా ఇల్లు. ఏ మొక్క ఎక్కడ ఉంటుందో ఎప్పుడు పూస్తుందో ఎరిగినవారు వారే. గింజలు ఏరడంలో ఆమెకు తోడ్పడ్డవారూ వారే. 1841లో వొనరప్ వద్ద ఒక వలసదారుడు హతుడు కాగా, ప్రతీకారంగా బయలుదేరిన తెల్లవారు నూంగార్లను చంపారు. ఆ దండులో మేజిస్ట్రేటు హోదాలో ఉన్న కాప్టెన్ మొలాయ్ కూడ ఉన్నాడు. తమ బిడ్డలను పోగొట్టుకొన్న ఆ తల్లులు ఏ సఖికీ ఉత్తరం వ్రాయలేదు. వారి శోకానికి నకలు తీసి దాచినవారూ లేరు.

జార్జియానా ఏడవ కాన్పు తరువాత కోలుకోలేక, 1843 ఏప్రిల్‌లో, ముప్పది ఏడేండ్ల వయసులో మరణించింది. ఆమె పంపిన గింజలలో కొన్ని అప్పటికే ఇంగ్లండు తోటలలో మొలకెత్తి ఉన్నాయి.