సుగ్గికి పోయినవాళ్లకూ నోటీసు అందాలి

కోసిగిలో ఒక స్వచ్ఛంద సంఘం తన సర్వసభ్య సమావేశాన్ని జనవరిలో పెట్టుకుందనుకుందాం. ఆఫీసు తలుపుకు నోటీసు అంటించారు, రిజిస్టరులో ఆ సంగతి రాసుకున్నారు. కానీ ఆ తలుపు ముందు నుంచి నడవాల్సిన సభ్యుల్లో చాలామంది అప్పటికే ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలతో సహా మిర్చి కోతలకు గుంటూరు వైపో, కట్టడం పనులకు బెంగళూరుకో వెళ్లిపోయి ఉంటారు. కోసిగి ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో దీన్ని సుగ్గికి పోవడం అంటారు. పంట కోతల కాలానికి కన్నడంలో ఉన్న పేరు ఇక్కడ వలసకు పేరైంది. ఏటా వచ్చే ఈ కాలాన్ని లెక్కలోకి తీసుకోని సంఘం ఎన్ని నోటీసులు అంటించినా సభ్యులను పిలిచినట్టు కాదని నా వాదన.

చట్టం నోటీసును తేలిగ్గా తీసుకోలేదు. 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగా నమోదైన సంస్థ సర్వసభ్య సమావేశానికి 14 పూర్తి రోజుల ముందు నోటీసివ్వాలి. నోటీసు అందిన రోజూ, సభ జరిగే రోజూ ఆ లెక్కలోకి రావు. మామూలు కంపెనీలకు ఈ గడువు 21 రోజులు; 2015 జూన్ 5 నాటి ఉత్తర్వుతో 8వ సెక్షన్ కంపెనీలకు తగ్గించారు. సభ ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏయే విషయాల మీద జరుగుతుందో నోటీసులో ఉండాలి. 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘాలైతే తమ బైలాలో ఏం రాసుకున్నాయో చూసుకోవాలి. ఏడుగురు కలిస్తే సొసైటీ పెట్టుకోవచ్చు కాబట్టి ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి ఇవే. బైలాను ఎక్కడి నుంచో తెచ్చి నకలు దించుకున్నచోట సుగ్గి ఊసే ఉండదు.

కోరం, అంటే సభకు కావాల్సిన కనీస హాజరు, ఉంటే చాలు కదా అని కార్యవర్గాలు అడుగుతాయి. కంపెనీల చట్టంలో కోరం కోసం అరగంట చూస్తారు, లేకపోతే సభ మరుసటి వారానికి వాయిదా పడుతుంది, అప్పుడూ చాలకపోతే వచ్చినవాళ్లే కోరం. అంటే ఊళ్లో మిగిలిన నలుగురైదుగురు అందరి తరఫునా తీర్మానం చేసేయవచ్చు. పొరపాటున ఒకరికి నోటీసు ఇవ్వకపోయినా, పంపింది చేరకపోయినా సభ చెల్లుతుందన్న వెసులుబాటు కూడా ఉంది. అది నిజంగా పొరపాటు జరిగినప్పటి మాట. ఇల్లు తాళం వేసి ఉందని తెలిసీ ఆ ఇంటికే కాగితం పంపడాన్ని పొరపాటు అనలేం. ఎలాగూ రాలేనివాళ్లకు చెప్పి లాభమేమిటన్నది ఇంకో ప్రశ్న. లాభం ఉంది. సంగతి తెలిస్తే తేదీ మార్చమని అడగవచ్చు, తమ మాట చెప్పి పంపవచ్చు. నియమావళి ఒప్పుకునే 8వ సెక్షన్ కంపెనీలో తమ బదులు ఓటు వేయడానికి మరో సభ్యుణ్ణి నియమించుకోవచ్చు. బయటివాళ్లను నియమించే వీల్లేదు కాబట్టి ఊళ్లో ఉన్న సభ్యుణ్ణి ఒప్పించుకోవడానికి రోజులు కావాలి.

అసలు సభను సుగ్గి రోజుల్లో పెట్టాల్సిన పనే లేదు. మార్చి 31తో లెక్కలు ముగిశాక ఆరు నెలల్లోపు వార్షిక సభ జరపాలన్నది కంపెనీలకు ఉన్న నియమం. ఉగాది దాటాక వానాకాలం సేద్యం దాకా జనం ఎక్కువగా ఊళ్లో ఉండే నెలలు ఆ గడువులోనే వస్తాయి. తేదీ, చోటు నిర్ణయించేటప్పుడు సర్వసభ్య సభ ముందే చేసిన సూచనలను బోర్డు గమనంలో పెట్టుకోవాలని 8వ సెక్షన్ కంపెనీల విషయంలో ఆ 2015 ఉత్తర్వే చెబుతోంది. అంటే సుగ్గి నెలల్లో సభ వద్దని సభ్యులే తీర్మానించవచ్చు. తప్పనిసరై మధ్యలో పెట్టాల్సి వస్తే ఫోన్ ఉంది. అయితే అక్షరాస్యత బాగా తక్కువగా ఉన్న మండలాల్లో కోసిగి ఒకటి. వాట్సాప్‌లో అక్షరాలు పంపి ఊరుకుంటే అది మళ్లీ తలుపు మీది కాగితమే అవుతుంది. పూర్వం దండోరా వేసి నోటితో చెప్పేవారు. ఇప్పుడు అదే మాటను ఏ విషయం తేల్చబోతున్నారో సహా గొంతుతో రికార్డు చేసి పంపాలి, జవాబు రానివాళ్లకు ఫోన్ చేయాలి. ఖర్చు ఎక్కువవుతుందంటారేమో, కావాల్సింది ఒక మనిషి రెండు సాయంత్రాల పని, దానితోపాటు దసరా నాటికే సిద్ధంగా ఉంచుకోవాల్సిన ఒక నోటుపుస్తకం: ఎవరు ఏ ఊరికి పోతున్నారు, అక్కడ ఏ నంబరుకు దొరుకుతారు, పనికి తీసుకుపోయే మేస్త్రీ ఎవరు.