టర్బో మీదికే నింద

"పికప్ పడిపోయిందా? అయితే టర్బో పోయినట్టే!" అబిడ్స్, నాంపల్లి సందుల్లో డీజిల్ కారున్నవాళ్లు ఈ తీర్పు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. నమ్మితే వేలల్లో బిల్లు. నిజానికి టర్బో అంత తేలిగ్గా చచ్చే యంత్రం కాదు. ఫిర్యాదు దాని మీద ఉంటుంది, తప్పు చాలాసార్లు దాని చుట్టూ ఉన్న పైపులది.

స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1905లో టర్బోకు పేటెంటు తీసుకున్నాడు. ఇంజన్ బయటికి వదిలేసే వేడి పొగలో బోలెడంత శక్తి వృథాగా పోతోంది. ఆ పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన బిగించిన మరో చక్రంతో సిలిండర్లలోకి గాలి కుక్కితే, అదే ఇంజన్ మరింత ఇంధనం మండించగలదు. ఆలోచన తేలికే. అది ఫలించడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1926లో నీటిలోకి దిగిన ‘ప్రాయిసెన్’, ‘హన్సెస్టాట్ డాంజిగ్’ అనే జర్మన్ ఓడల్లో 1750 హార్స్‌పవర్ ఇంజన్లు టర్బోతో 2500కి చేరాయి.

ఈలోగా అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ 1918లో ఒక విమానం ఇంజన్‌ని పైక్స్ పీక్ అనే 14,000 అడుగుల కొండ మీదికి ఎక్కించాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్, పైన పలచటి గాలిలో 230కి పడిపోయింది. టర్బో తగిలించగానే 356 ఇచ్చింది. కార్లలోకి వచ్చింది మాత్రం 1962లోనే, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్‌లతో.

మన నాంపల్లి స్టేషన్ వాళ్లకు టర్బో అంతకన్నా పెద్ద రూపంలో పరిచయమే. వారణాసిలో 1964 నుంచి తయారైన డబ్ల్యూడీఎం-2 రైలింజన్‌లో పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, ఒక పెద్ద టర్బో. రైలు కదిలేటప్పుడు ఆకాశాన్ని మసిచేసే ఆ నల్లపొగ గుర్తుందా? డ్రైవరు నాచ్ పెంచగానే డీజిల్ ఎక్కువవుతుంది, టర్బో వేగం అందుకోవడానికి మాత్రం కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కాసేపు గాలి చాలక సగమే మండిన ఇంధనం అది.

కారులోనూ అదే లెక్క. యాక్సిలరేటర్ తొక్కితే నల్లపొగ వస్తోంది, బండి ఈడుస్తోంది అంటే టర్బో తోసిన గాలి దారిలోనే ఎక్కడో జారిపోతోందేమోనని మొదట అనుమానించాలి. నీలిపొగ వేరే సంగతి, అది ఆయిల్ మండుతున్న గుర్తు.

నాంపల్లి వైపు ఒక గ్యారేజీలో ఈ మధ్య చూశాను. స్కానర్ పెడితే పీ0299 చూపించింది. గాలి ఒత్తిడి తక్కువగా ఉందని దానర్థం, ఎందుకు తక్కువో ఆ కోడ్ చెప్పదు. "టర్బో మార్చెయ్ ఉస్తాద్" అన్నాడు ఓనరు. "ఆగన్నా, ముందు పైపు చూద్దాం" అంటూ ఉస్తాద్ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రబ్బరు హోస్‌ని అడుగువైపు వేళ్లతో తడిమాడు. క్లిప్ పక్కన నల్లటి ఆయిల్ చార. పిండగానే వేలెడు చీలిక నోరు తెరిచింది. న్యూట్రల్‌లో మూసుకునే ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగితేనే విచ్చుకుంటుంది. అందుకే నిలబెట్టి రేస్ ఇచ్చి చూస్తే దొరకదు.

హోస్ బాగుంటే అప్పుడు టర్బో రెక్కల్ని కదిపే యాక్చుయేటర్‌ని చూడాలి. సన్నటి వాక్యూమ్ ట్యూబు పగిలినా టర్బో మాట వినదు. చేతి పంపుతో వాక్యూమ్ పెడితే కడ్డీ ఒకే ఊపుగా కదిలి, అక్కడే నిలవాలి. ఇంకో చిక్కు మన ట్రాఫిక్. అబిడ్స్ జీపీఓ నుంచి మొజంజాహీ మార్కెట్ దాకా రోజూ ఫస్టు, సెకండు గేర్లలోనే పాకే బండిలో, పొగ వేగాన్ని సర్దే కదిలే రెక్కలు మసి పట్టి బిగుసుకుంటాయి. అప్పుడప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద తోలమని మెకానిక్‌లు చెప్పే సలహా వట్టి చాదస్తం కాదు.

గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ అబద్ధం చెబుతోందేమో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, స్కానర్‌లో ఒత్తిడి అంకె చూడండి. సముద్రమట్టం దగ్గర అది 101 కిలోపాస్కల్స్. 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 95 చుట్టుపక్కల ఉండాలి. చాలా తేడా ఉంటే సెన్సర్‌నే అనుమానించాలి.

ఇవన్నీ దాటాకే టర్బో విప్పాలి. నిమిషానికి లక్షన్నర చుట్లు తిరిగే ఇరుసు సన్నని ఆయిల్ పొర మీద తేలుతుంది. కాబట్టి పక్కలకు కాస్త ఆడటం మామూలే. ముందుకూ వెనక్కూ ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్నా దాని పని అయిపోయినట్టే. పుత్లీబౌలి దుకాణాల్లో కొత్తది తెచ్చి బిగించడం పెద్ద పని కాదు. కానీ పాతదాన్ని చంపిన కారణం, అంటే మసిబారిన ఆయిల్ పైపో, గడువు దాటిన ఇంజన్ ఆయిలో, అలాగే వదిలేస్తే కొత్తదానికీ అదే గతి.

టర్బో మార్చాలని ఎవరైనా అంటే, ఇరుసు ఊపి చూపించమనండి. పాతది ఎందుకు పోయిందో చెప్పలేనివాళ్ల చేత కొత్తది బిగించుకోకండి.