దెబ్బకో నంబరు, చోటుకో లెక్క!

మీకు తెలుసా? పెనుకొండ పక్కనుంచి దూసుకుపోయే 44వ నంబరు జాతీయ రహదారి దేశంలోకెల్లా పొడవైనది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా 3,700 కిలోమీటర్ల పైమాటే!

ఆ దారిలో ‘బ్లాక్‌స్పాట్’, అంటే ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోటు, ఎలా తేలుస్తారో తెలుసా? 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో 5 ఘోర ప్రమాదాలో, 10 మరణాలో నమోదు కావాలి. అర కిలోమీటరుకూ జాతకం రాస్తారన్నమాట!

మీకు తెలుసా? ధర్మవరం వీధిలో బండి ఢీకొన్నా, ఆ చోటు పోలీసుల ఫోన్‌లోంచి దేశమంతటి ప్రమాదాల రికార్డులోకి ఎక్కే ఏర్పాటుంది. ‘ఐరాడ్’ అనే ఆ ఏర్పాటును తయారుచేసింది మద్రాసు ఐఐటీ. మన వీధి మలుపు చెన్నై దాకా తెలుసు!

ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు ప్రాణం పోతేనే అది రోడ్డు మరణం. 31వ రోజు పోతే? ఆ పద్దులో చోటు లేదు!

మీకు తెలుసా? హిందూపురం దగ్గర చెనిక్కాయ చేలో విషపు పాము కరిస్తే, జబ్బులకూ గాయాలకూ నంబర్లిచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో దాని నంబరు ఎక్స్20. కుక్క కరిస్తే డబ్ల్యూ54. చింతచెట్టు మీంచి పడితే డబ్ల్యూ14. అమెరికా జాబితాలోనైతే బాతు తగిలినా నంబరుంది!

పాముకాటు మరణాలు ఎన్నో తెలుసా? ఇంటింటికీ వెళ్లి అడిగితే 2005లో దేశంలో దాదాపు 46,000 అని తేలింది. ఆసుపత్రుల లెక్కకు 30 రెట్లు! ఎక్కువమంది ఆసుపత్రికి చేరకుండానే పోయారు మరి.

మీకు తెలుసా? గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఏడాదిపాటు ప్రతి చావుకూ కారణం అడిగారు. నూటికి 13 మంది గాయాలవల్లే పోయారు. ఎనిమిదింట ఒకటి!

గాయాల రిజిస్టరు మొదట కంప్యూటరెక్కింది ఎప్పుడో తెలుసా? 1969లో, షికాగో ఆసుపత్రిలో. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన ఏడాదే!

2012 మే 22న పెనుకొండ స్టేషన్‌లో హంపీ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం పాతికమంది దాకా బలిగొంది. ఆ మరణాలు రోడ్డు పద్దులోకి రావు, రైలు పద్దు వేరు.

మీకు తెలుసా? 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 4,80,583, మరణాలు 1,72,890. ఈ పేజీ చదివేలోపే మరో రెండు ప్రమాదాలు జరిగి ఉంటాయి. హెల్మెట్ పెట్టుకోకుండా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లే 54,568 మంది. అమ్మో!

చివరి మాట. మీవాళ్లను క్యాజువాల్టీకి తీసుకెళితే ‘బండి మీంచి పడ్డాడు’ అని ఊరుకోకండి. ఎక్కడ, ఎన్ని గంటలకు, హెల్మెట్ ఉందా లేదా, ఈ మూడూ చెప్పి రాయించండి. ఆ ఒక్క వరుసే రేపు ఆ మలుపులో ఇంకొకరి ప్రాణం కాపాడొచ్చు.